ఆకు పసరు విషమో కాదో తేల్చాలంటే ముందు పరీక్షకే పరీక్ష పెట్టండి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం. ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, ఈ ఊళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "సార్, మా మొక్క ఎక్స్‌ట్రాక్ట్ రెడీగా ఉంది. టాక్సిసిటీ ఎలా చూడాలి?" అడిగేది బీఫార్మసీ పిల్లలు, ఎమ్మెస్సీ పిల్లలు, అప్పుడప్పుడు కొత్తగా చేరిన లెక్చరర్లు కూడా. ఫోన్లో సగం ఒడియా, సగం తెలుగు కలిపి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ ఎక్స్‌ట్రాక్ట్‌ని, అంటే ఆకు నుంచి తీసిన సారాన్ని, ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాలు మర్చిపోండి. విషానికీ ఉప్పునీళ్లకీ తేడా కనిపెట్టే సత్తా మీ పరీక్షకు ఉందో లేదో మీకింకా తెలియదు. అది తేలాకే మీ ఆకు వంతు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఆకు వేసి, అంకెలు రాసుకుని, చివర్లో గైడ్ "కంట్రోల్ (ఆకు వేయకుండా, పోల్చి చూడటానికి పెట్టే వరుస) ఏదమ్మా" అంటే అప్పుడు పరిగెడతారు.

ఇక్కడ రెండు పరీక్షలు చెబుతాను. మొదటిది ఉప్పునీటి పురుగులతో. ఏ చిన్న కాలేజీలో అయినా చేయొచ్చు. రెండోది సెల్స్‌తో, 96 గుంటల ప్లేట్‌లో. దానికి ఇంక్యుబేటర్, ప్లేట్ రీడర్ కావాలి. మొదటిది సరిగ్గా రాకుండా రెండోదానికి వెళ్లడం డబ్బు దండగ.

మొదటి పరీక్ష: ఆర్టీమియా

ఆర్టీమియా అంటే ఉప్పు మడుల్లో బతికే చిన్న రొయ్య జాతి పురుగు. ఎండిన గుడ్లు డబ్బాల్లో దొరుకుతాయి. రొయ్య పిల్లల హేచరీల్లో మేతగా వాడేవి ఇవే, అక్వేరియం షాపుల్లో అమ్మేవీ ఇవే. మొక్కల సారాలను వీటి మీద పరీక్షించే పద్ధతిని 1982లో మేయర్, అతని సహచరులు ప్రచురించారు. ఇప్పటికీ అందరూ చేసేది కాస్త అటూ ఇటూగా అదే.

కావలసినవి: ఆర్టీమియా గుడ్లు, అయొడిన్ కలపని ఉప్పు, డిస్టిల్డ్ వాటర్, తినే సోడా, అక్వేరియం గాలి పంపు, టేబుల్ లైటు, 10 మి.లీ. గాజు వయల్స్ ఓ యాభై, మైక్రోపిపెట్లు, భూతద్దం, డీఎంఎస్ఓ (సారాన్ని కరిగించే ద్రావకం), పొటాషియం డైక్రోమేట్, పీహెచ్ కాగితాలు. కొత్త నోటుబుక్కు ఒకటి. విడి కాగితాల మీద రాసుకోవద్దు, పోతాయి.

1. నీళ్లు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 35 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ ఉప్పు వద్దు, దానిలో అయొడిన్, ఉండకట్టకుండా కలిపే పొడి ఉంటాయి. సముద్రపు నీటి లవణాల పొడి దొరికితే అన్నిటికన్నా మంచిది. దొరక్కపోతే గల్లుప్పు. మన గుణుపూర్ రైలు లైను వెళ్లి కలిసే నౌపడ దగ్గరే ఉప్పు మడులు, గంజాం వైపు కూడా ఉన్నాయి, కాబట్టి ఆ లోటు లేదు. ఉప్పు కరిగాక వడగట్టి, చిటికెడు తినే సోడాతో పీహెచ్ 8 దగ్గరకు తెండి. బరంపురం వాళ్లు గోపాల్‌పూర్ నుంచి సముద్రపు నీళ్లే తెచ్చుకుంటామంటారు. తెచ్చుకోండి, కానీ వానాకాలం నీళ్లలో ఉప్పదనం తగ్గుతుంది. జూన్‌లో తెచ్చిన నీళ్లతో సగం, అక్టోబర్‌లో తెచ్చిన నీళ్లతో సగం చేస్తే రెండూ ఒకే ప్రయోగం కావు. ఒకేసారి తెచ్చి, వడగట్టి, మొత్తానికి అదే వాడండి.

2. పొదిగించడం. లీటరు నీటికి గ్రాము గుడ్లు చాలు. 28 డిగ్రీల దగ్గర, లైటు వెలుతురులో, పంపుతో గాలి కొడుతూ ఉంచండి. ఒక రోజు నుంచి రోజున్నరలో పిల్లలు బయటికొస్తాయి. పంపు ఆపి, గిన్నెకు ఒక పక్క నల్ల కాగితం కప్పి, రెండో పక్క లైటు పెట్టండి. పిల్లలు వెలుతురు వైపు ఈదుకుంటూ వస్తాయి, పెంకులు వెనకే ఉండిపోతాయి. ఈదుతున్నవాటినే తీసుకోండి. పుట్టిన రోజే వాడేయాలి. మర్నాడు వాడితే పరీక్ష ముగిసేలోపే వాటి లోపలి పచ్చసొన అయిపోతుంది, ఆకలితో చచ్చినవి మీ ఆకు ఖాతాలో పడతాయి.

మే నెలలో రాయగడ ల్యాబ్‌లో 28 డిగ్రీలు ఎక్కడివి అని అడుగుతారు. నిజమే. థర్మాకోల్ పెట్టెలో నీళ్ల టబ్బు పెట్టి, అందులో వయల్స్ నిలబెట్టండి. ఎండ పడే కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు.

3. ఉత్త కంట్రోళ్ల రోజు. ఈ రోజు ఏ మందూ, ఏ ఆకూ లేదు. పది వయల్స్‌లో ఉత్త ఉప్పునీళ్లు, పది వయల్స్‌లో ఉప్పునీళ్లు, ఒక శాతం డీఎంఎస్ఓ. ప్రతి వయల్‌లో పది పురుగులు. వయల్ మీద 5 మి.లీ. దగ్గర మార్కర్‌తో గీత గీసి ఉంచుకోండి. ముందు పురుగుల్ని వేసి, తర్వాత గీత వరకు నీళ్లు నింపితే, పిపెట్‌తో పాటు వచ్చిన నీళ్ల లెక్క తప్పదు. డీఎంఎస్ఓ 50 మైక్రోలీటర్లు. 24 గంటల తర్వాత లెక్కపెట్టండి. రెండు వరుసల్లోనూ చావు 10 శాతం లోపు ఉండాలి. దాటితే ఆగిపోండి. కారణం దొరికేదాకా నాలుగో మెట్టు ఎక్కొద్దు.

నా మొదటి ఏడాది కంట్రోల్‌లోనే సగం చచ్చాయి. ఉప్పు మార్చాను, నీళ్లు మార్చాను, గుడ్ల డబ్బా మార్చాను. మూడు వారాలు పోయాక తెలిసింది, వయల్స్ కడిగింది గిన్నెల సబ్బుతో. సరిగ్గా తొలవలేదు. పురుగుకి సబ్బు విషం. అప్పటి నుంచి వయల్స్ నేనే కడుగుతాను, వేడినీళ్లు ఐదుసార్లు, డిస్టిల్డ్ వాటర్ రెండుసార్లు.

4. తెలిసిన విషం. పొటాషియం డైక్రోమేట్ 8 మిల్లీగ్రాములు ఒక మి.లీ. నీటిలో కరిగిస్తే స్టాక్. దాన్ని సగానికి సగం చొప్పున నాలుగుసార్లు పలచన చేయండి. ఒక్కో దానిలోంచి 100 మైక్రోలీటర్లు 5 మి.లీ. వయల్‌లో వేస్తే మి.లీ.కి 160, 80, 40, 20, 10 మైక్రోగ్రాముల డోసులు వస్తాయి. డోసుకు మూడు వయల్స్. వీటితో పాటు ఉప్పునీళ్లవి మూడు, డీఎంఎస్ఓవి మూడు. మొత్తం 21 వయల్స్.

చూడాల్సింది ఏమిటంటే, డోసు పెరిగే కొద్దీ చావు పెరగాలి. కింది డోసులో కొద్దిగా, పై డోసులో దాదాపు అన్నీ. మధ్యలో తగ్గి మళ్లీ పెరిగితే అది పురుగు తప్పు కాదు, పిపెట్ పట్టుకున్న చేతి తప్పు. అన్ని డోసుల్లో అన్నీ చస్తే డోసులు ఇంకా కిందికి దించండి, ఒక్కటీ చావకపోతే పైకి జరపండి.

హెచ్చరిక: ఇది ఆరు వేలన్సీ క్రోమియం, క్యాన్సర్ కారకం. సుకిందా క్రోమైట్ గనుల దగ్గర నీళ్లలో ఉందని మన ఒడిశాలో ఏళ్ల తరబడి గొడవ జరుగుతున్నది దీని గురించే. గ్లౌజులు వేసుకోండి, పొడి తూచేటప్పుడు ఫ్యాన్ కట్టేయండి. వాడిన నీళ్లు సింకులో పోయొద్దు, పేరు రాసిన సీసాలో పట్టి కాలేజీ కెమికల్ వేస్ట్‌కి ఇవ్వండి.

5. ఇదే మూడు వేరు వేరు రోజుల్లో. వేరు రోజు అంటే కొత్తగా పొదిగిన పురుగులు, కొత్తగా కలిపిన స్టాక్. ఒకే ఉదయం మూడు వరుసలు పెట్టి "మూడుసార్లు చేశాం" అనకండి. మూడు రోజుల్లోనూ సగం పురుగుల్ని చంపే డోసు, అంటే ఎల్‌సీ50, లెక్కకట్టండి. అన్నిటికన్నా పెద్దదాన్ని అన్నిటికన్నా చిన్నదానితో భాగించండి. రెండు లోపు వస్తే హాయిగా ముందుకెళ్లండి. మూడు దాటితే మీ పరీక్ష ఇంకా కుదురుకోలేదు. ఎక్కడో చదివిన డైక్రోమేట్ అంకెతో మీది కలవడం లేదని టెన్షన్ పడొద్దు. ఉప్పు, వేడి, గుడ్ల రకం మారితే అంకె మారుతుంది. మీ అంకె మీతో మీరు కలవాలి, ముఖ్యం అది.

ఈ మూడు రోజుల అంకెలు గోడ మీద అంటించండి. ఇకపై ఆకు పరీక్ష చేసే ప్రతి రోజూ డైక్రోమేట్ కూడా పెట్టాలి. ఆ రోజు అంకె గోడ మీద అంకెలకు దూరంగా పడితే, ఆ రోజు ఆకు ఫలితం ఎంత అందంగా ఉన్నా కొట్టేయాలి. మనసుకి కష్టంగానే ఉంటుంది.

ఇప్పుడు ఫ్రిజ్ తెరవండి

6. ముందు అది ఏ మొక్క? నవ్వకండి. ఒకే మొక్కకి తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒకటి, సవర పల్లెలో ఇంకొకటి. తిప్పతీగని ఒడియాలో గుళుచి అంటారు, నేలవేముని భూయినింబ అంటారు. ఇవి తెలిసినవే కాబట్టి సరిపోయింది. కొండ మీద కోసిన పేరు తెలియని వేరు సంగతి ఏమిటి? పువ్వో కాయో ఉన్న కొమ్మ ఒకటి నొక్కి ఎండబెట్టి, హెర్బేరియం షీట్ చేసి, భంజబిహార్‌లోని బరంపురం యూనివర్సిటీలో గానీ విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో గానీ బోటనీ వాళ్లకి చూపించి నంబరు తీసుకోండి. ఆ నంబరు లేని థీసిస్ నేనైతే చదవను.

మందు చెప్పిన పెద్దవాళ్ల అనుమతి కూడా ముందే అడగాలి. కోరాపుట్ వైపు దిసారి అయినా, గజపతి కొండల్లో సవర వైద్యుడైనా, వాళ్ల ఎరుకతో పనిచేస్తూ వాళ్లకే చెప్పకపోవడం మర్యాద కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా ఉంది, మీ గైడ్‌ని అడిగి కాగితాలు సరిచూసుకోండి. ఒకసారి ఒక పెద్దాయన నన్ను అడిగాడు, "నీ పురుగులు చస్తే నా మందు చెడ్డదయిపోద్దా బాబూ?" కాదు తాతా అన్నాను. ఎందుకు కాదో కింద రాశాను.

ఆకుని నీడలో ఆరబెట్టండి. వానాకాలంలో మన వైపు ఆరదు, బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకుతో చేస్తే మీరు కొలిచేది బూజు విషం. ఆరబెట్టే డబ్బా, లేదా 40 డిగ్రీల ఓవెన్ వాడండి. అనుమానం ఉన్న కట్ట పారేయండి.

7. స్టాక్. మి.లీ. డీఎంఎస్ఓలో 100 మిల్లీగ్రాముల సారం. ఇందులోంచి 50 మైక్రోలీటర్లు 5 మి.లీ.లో వేస్తే మి.లీ.కి 1000 మైక్రోగ్రాములు. కింది డోసులకు స్టాక్ 316 మైక్రోలీటర్లు, డీఎంఎస్ఓ 684 కలపండి. అదే వరుసలో కిందికి వెళితే 316, 100, 31.6, 10 వస్తాయి. అన్ని వయల్స్‌లోకీ అదే 50 మైక్రోలీటర్లు. అప్పుడే డీఎంఎస్ఓ అన్నిటిలో ఒకే శాతం. చాలామంది ఒకే స్టాక్‌లోంచి 50, 25, 5 అని తక్కువ తక్కువ పోస్తారు. అప్పుడు డోసుతో పాటు డీఎంఎస్ఓ కూడా మారిపోతుంది, చచ్చింది దేనివల్లో తెలియదు.

డీఎంఎస్ఓ 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబర్‌లో కోరాపుట్, జయపురం వాళ్ల సీసా బీరువాలోనే రాయి అయిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టాక్ కూడా అంతే. పూర్తిగా కరగనిచ్చి, బాగా కలిపి వాడండి. సగం కరిగినప్పుడు పైన తేలిన దాన్ని పీల్చితే డోసు మీకు తెలియని డోసు.

8. వయల్‌లో వేశాక రెండు చూపులు. ఒకటి, 1000 డోసు వయల్ పీహెచ్. 8 నుంచి 5కి పడిపోతే పురుగుని చంపింది పులుపు. చింతాకుతో కూడా అదే అవుతుంది. పీహెచ్ సరిచేసి మళ్లీ పెట్టండి. రెండు, అడుగున తెట్టె కట్టిందా? కడితే మీరు రాసుకున్న 1000 నీళ్లలో లేదు. తెట్టె కట్టని అతి పెద్ద డోసు ఏదో అదే మీ పై హద్దు.

9. గుడ్డిగా లెక్కపెట్టడం. వయల్స్ మీద డోసు రాయొద్దు. స్నేహితుడితో అంకెలు వేయించి, తాళంచెవి లాంటి ఆ జాబితా అతని దగ్గరే ఉంచండి. డోసు తెలిస్తే కన్ను మోసం చేస్తుంది, పెద్ద డోసు వయల్‌లో నెమ్మదిగా కదిలే పురుగుని చచ్చిందనేస్తాం. నల్లటి ఎక్స్‌ట్రాక్ట్ అయితే తెల్ల పింగాణీ పళ్లెంలో వంచి చూడండి. పది సెకన్లు చూసినా కాలు కదపనిది చచ్చినట్టు. కదలనివి లెక్కపెట్టాక రెండు చుక్కలు ఫార్మలిన్ వేసి మొత్తం ఎన్నో లెక్కపెట్టండి. పది వేశామనుకున్న చోట తొమ్మిదో పదకొండో ఉంటాయి, ఎప్పుడూ.

10. లెక్క. కంట్రోల్‌లో కూడా కొన్ని చస్తాయి కాబట్టి వాటిని తీసేయాలి. ఇది 1925 నాటి అబాట్ సూత్రం. ఆకు చావు శాతంలోంచి కంట్రోల్ చావు శాతం తీసేసి, దాన్ని 100లోంచి కంట్రోల్ శాతం తీసేసిన దానితో భాగించి, వందతో గుణించాలి. 100 మైక్రోగ్రాముల డోసులో 30కి 16 చచ్చాయనుకోండి, 53.3 శాతం. డీఎంఎస్ఓ కంట్రోల్‌లో 30కి 2, అంటే 6.7. పైన 46.6, కింద 93.3. దాదాపు 50 శాతం.

ఎల్‌సీ50కి ప్రోబిట్ (డోసుకీ చావు శాతానికీ గీత కలిపే గణాంక పద్ధతి) చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడండి. కానీ ముందు చేత్తో ఒకసారి చూసుకోండి, సాఫ్ట్‌వేర్ చెత్త వేస్తే చెత్తే ఇస్తుంది. 31.6 దగ్గర 30 శాతం, 100 దగ్గర 70 శాతం చచ్చాయనుకోండి. సగం ఎక్కడ? చాలామంది 31.6కీ 100కీ సగటు తీసి 65.8 అంటారు. తప్పు. డోసులు గుణకారంలో పెరిగాయి, కాబట్టి లాగ్‌లో మధ్యకి వెళ్లాలి. 1.5కీ 2కీ మధ్య 1.75, అంటే 56. మేయర్ కొలబద్ద ప్రకారం ఎల్‌సీ50 1000 లోపు ఉంటే ఆ సారంలో ఏదో పని చేసేది ఉన్నట్టు. "ఏదో" అన్న మాట గట్టిగా పట్టుకోండి.

పురుగు చచ్చినంత మాత్రాన మనిషికి విషం అని కాదు. పెద్దాయనకి నేను చెప్పింది అదే. ఈ పరీక్ష జల్లెడ లాంటిది, వంద సారాల్లో ఏ పదిని ముందు చూడాలో చెబుతుంది. తిరగేసి చూసినా అంతే, పురుగు బతికిందని మనిషికి భద్రం అనలేం. 1970ల్లో మన పక్కనే, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న సర్‌గుజా జిల్లాలో సామల్లాంటి గోండ్లీ గింజల్లో జనుము జాతి అడవి మొక్క విత్తనాలు కలిసి, తిన్నవాళ్ల కాలేయాలు పాడయ్యాయి, చాలామంది చనిపోయారు. ఆ మొక్కలో ఉండే ఆల్కలాయిడ్లు ఉన్నవి ఉన్నట్టుగా అంత ప్రమాదం కాదు, కాలేయం వాటిని మార్చాకే విషం అవుతాయి. ఉప్పునీటి పురుగుకి మన కాలేయం ఎక్కడుంది? అందుకే "సురక్షితం" అన్న మాట ఈ ఒక్క పరీక్షతో రాయకూడదు. రాస్తే, అది చదివి ఎవరో ఒకరు తాగుతారు.

రెండో పరీక్ష: సెల్స్, ఎంటీటీ

1983లో మోస్‌మన్ ప్రచురించిన పద్ధతి ఇది. బతికున్న సెల్స్ ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనాన్ని ఊదా రంగు పలుకులుగా మారుస్తాయి. పలుకుల్ని కరిగించి రంగు కొలుస్తాం. రంగు ఎక్కువైతే సెల్స్ ఎక్కువ. ఇక్కడే మోసం ఉంది, చివర్లో చెబుతాను.

సెల్స్ పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) నుంచి తెప్పించుకోండి. కాలేయానికి హెప్‌జీ2 అనే కాలేయ క్యాన్సర్ సెల్స్, మామూలు సెల్స్‌గా కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వీరో. హెప్‌జీ2కి కాలేయం పేరున్నా, మందుల్ని మార్చే ఎంజైములు అసలు కాలేయంలో ఉన్నన్ని ఉండవు. సర్‌గుజా కథ ఇక్కడా వర్తిస్తుంది. పక్క ల్యాబ్ స్నేహితుడు ఇచ్చిన ఫ్లాస్క్‌తో మాత్రం మొదలెట్టొద్దు. అది ఏ సెల్లో అతనికే తెలియకపోవచ్చు, మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా కూడా ఉచితంగా వస్తుంది. దానికి సెల్ వాల్ లేదు కాబట్టి పెన్సిలిన్‌కి చావదు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా దూరిపోగలదు. వచ్చిన రోజే పరీక్ష చేయించండి.

తెచ్చిన సెల్స్‌లో కొన్ని వయల్స్ లిక్విడ్ నైట్రోజన్‌లో దాచండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని కొట్టినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. ఇంక్యుబేటర్‌లో ఉన్న నా సెల్స్ అన్నీ పోయాయి. నైట్రోజన్ క్యాన్‌కి కరెంటుతో పని లేదు, అందులోని రెండు వయల్సే మిగిలాయి. కాలబైశాఖి (వేసవి ఈదురుగాలి వానల) రోజుల్లో పెద్ద ప్లేట్ మొదలుపెట్టేముందు ఆకాశం చూసుకోండి, నిజంగానే చెబుతున్నా.

1. ఎన్ని సెల్స్? గుంటకి వెయ్యి నుంచి నలభై వేల వరకు వేర్వేరు సంఖ్యల్లో వేసి, ప్రయోగం ఎన్ని గంటలో అన్ని గంటలు ఉంచి, ఎంటీటీ చేయండి. సెల్స్ రెట్టింపైతే రంగు కూడా రెట్టింపవుతున్న మేర వరకే వాడాలి. రంగు పెరగడం ఆగిపోయిన చోట పనిచేస్తే, సగం సెల్స్ చచ్చినా రీడింగ్ కదలదు.

2. ప్లేట్. అంచు గుంటలు 36, వాటిలో పీబీఎస్ (సెల్స్‌కి హాని చేయని ఉప్పు ద్రావణం) పోసి వదిలేయండి, ఆవిరై రీడింగ్ పాడయ్యేది అక్కడే. లోపలి 60 గుంటలే మీవి. సెల్స్ వేశాక ప్లేట్‌ని వెంటనే ఇంక్యుబేటర్‌లోకి తోయకుండా ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచండి, సెల్స్ సమంగా సర్దుకుంటాయి. గుండ్రంగా తిప్పొద్దు, అన్నీ మధ్యలో గుమిగూడతాయి.

3. ముందు ఖాళీ ప్లేట్. ఇదీ ఆకు లేకుండానే. 30 గుంటల్లో 0.5 శాతం డీఎంఎస్ఓ, 30 గుంటల్లో సెల్స్ అన్నిటినీ చంపే 0.1 శాతం ట్రైటాన్ అనే డిటర్జెంట్. ఎడమ సగం అది, కుడి సగం ఇది అని కాకుండా చదరంగం గళ్లలా పెట్టండి. అప్పుడే ప్లేట్‌లో ఒక పక్క వేడి ఎక్కువైతే బయటపడుతుంది. 24 గంటల తర్వాత ఎంటీటీ మి.లీ.కి 0.5 మిల్లీగ్రాములు, 3 నుంచి 4 గంటలు చీకట్లో. ద్రవం మెల్లగా తీసి, 100 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓతో పలుకుల్ని కరిగించి, 570 నానోమీటర్ల దగ్గర చదివి, దానిలోంచి 630 దగ్గర రీడింగ్ తీసేయండి.

4. జెడ్ ప్రైమ్ లెక్క. బతికిన గుంటలకీ చచ్చిన గుంటలకీ తేడాని పరీక్ష ఎంత స్పష్టంగా చూపుతుందో చెప్పే ఈ కొలతని 1999లో జాంగ్, చుంగ్, ఓల్డెన్‌బర్గ్ ఇచ్చారు. బతికిన గుంటల ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో), చచ్చిన గుంటల ఎస్‌డీ కలిపి మూడుతో గుణించండి. దాన్ని రెండు సగటుల తేడాతో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయండి. బతికినవి 0.90, ఎస్‌డీ 0.06, చచ్చినవి 0.10, ఎస్‌డీ 0.02 అనుకుంటే, 0.24ని 0.80తో భాగిస్తే 0.30, జెడ్ ప్రైమ్ 0.70. బాగుంది. అవే సగటులు, కానీ ఎస్‌డీలు 0.12, 0.03 అయితే 0.44కి పడిపోతుంది. చూశారా, సగటులు మారలేదు, చెయ్యి వణికింది అంతే. 0.5 పైన ఉంటేనే ముందుకు. ఇదీ మూడు వేరు రోజుల్లో.

ఒక్క చిక్కు. ట్రైటాన్‌తో జెడ్ ప్రైమ్ బాగా రావడం పెద్ద గొప్పేం కాదు, అది బండరాయితో బల్లిని కొట్టడం లాంటిది. అసలు కష్టం సగం చంపే డోసు దగ్గర. కాబట్టి డాక్సోరుబిసిన్ లాంటి తెలిసిన క్యాన్సర్ మందు ఎనిమిది డోసుల్లో పెట్టి, పురుగుల దగ్గర చేసినట్టే మూడు రోజుల ఐసీ50లు (బతికిన సెల్స్‌ని సగానికి దించే డోసులు) దగ్గర దగ్గరగా వస్తున్నాయో లేదో చూడండి. డాక్సోరుబిసిన్ చేతికి తగలనివ్వొద్దు.

5. ఇక ఆకు. దీనికి అదనపు గుంటలు కావాలి: సెల్స్ లేకుండా ఎక్స్‌ట్రాక్ట్, ఎంటీటీ మాత్రమే. నేను చెబుతానన్న మోసం ఇదే. ఉసిరి లాంటి, తుమ్మబెరడు లాంటి వగరు సారాలు తామే ఎంటీటీని ఊదా రంగుకి మార్చేస్తాయి, సెల్ ఉన్నా లేకపోయినా. అప్పుడు డోసు పెరిగే కొద్దీ "బతికిన సెల్స్" 110, 130 శాతం అని వస్తాయి, పిల్లలు సంబరపడి "సెల్స్ పెంచుతోంది సార్" అని ఫోన్ చేస్తారు. సెల్స్ లేని గుంట ఊదాగా మారితే, ఎంటీటీ వేసేముందు ఎక్స్‌ట్రాక్ట్ తీసేసి పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. అయినా తగ్గకపోతే ఎంటీటీ వదిలేసి, బతికిన సెల్స్ పీల్చుకునే న్యూట్రల్ రెడ్ రంగు పరీక్షకి మారండి. ఏదేమైనా ఎంటీటీ వేసేముందు మైక్రోస్కోపులో సెల్స్ మొహం చూడండి. గుండ్రంగా ముడుచుకుని తేలుతున్న సెల్స్‌కి రీడర్ 95 శాతం అని చెబితే, రీడర్‌ని నమ్మొద్దు.

వైద్య పరికరాల పదార్థాలకు వాడే ఐఎస్ఓ 10993-5 ప్రకారం బతికినవి 70 శాతం కన్నా తగ్గితే విషప్రభావం ఉన్నట్టు. ఆకు సారాలకు కూడా ఆ గీత చూసుకోవచ్చు. క్యాన్సర్ మందు వెతుకుతున్నవాళ్లు వీరో మీద కూడా అదే రోజు, అవే డోసులు పెట్టి రెండు ఐసీ50ల నిష్పత్తి చూడాలి. రెండిటినీ ఒకేలా చంపేది మందు కాదు. ఫినాయిల్ కూడా క్యాన్సర్ సెల్స్‌ని చంపుతుంది, దాన్ని పట్టుకుని మన కాలేజీ క్యాన్సర్‌కి మందు కనిపెట్టిందని పేపర్‌కి ఎక్కకండి.

తరచూ వచ్చే ఫోన్లు

"మొదటి రోజు 40, రెండో రోజు 400 వచ్చింది, సగటు వేయనా?" వద్దు. ఆ రెండు రోజుల డైక్రోమేట్ అంకెలు చూడండి. అవి కలిస్తే తేడా మీ సారంలో ఉంది, స్టాక్ చెడిందో సరిగ్గా కరగలేదో. అవీ కలవకపోతే తేడా పరీక్షలోనే ఉంది.

"ఒక గుంట రీడింగ్ తేడాగా ఉంది, తీసేయనా?" ఎందుకు తేడానో ఆ రోజు నోటుబుక్కులో రాసి ఉంటే, బుడగ వచ్చిందనో పిపెట్ జారిందనో, తీసేయండి. అంకె చూశాక కారణం వెతికితే తీసేయొద్దు.

"గైడ్ అడుగుతున్నారు, ఇన్ని రోజులు కంట్రోళ్లేనా అని." ఆ మూడు రోజుల జెడ్ ప్రైమ్, కంట్రోల్ చావు శాతం, డైక్రోమేట్ ఎల్‌సీ50లు ఒక చిన్న పట్టికగా వేసి చూపించండి. థీసిస్‌లో ఆ పట్టిక ఆకు ఫలితాల కన్నా ముందు పేజీలో రావాలి. ఆకు పేజీలో మొక్క హెర్బేరియం నంబరు, సారం తీసిన ద్రావకం, డీఎంఎస్ఓ శాతం, ఎన్ని గంటలు, ఎన్ని పురుగులు, ఎన్ని వేరు రోజులు, ఎల్‌సీ50 పక్కన దాని 95 శాతం హద్దులు. కొట్టేసిన రోజులు ఎన్ని, ఎందుకు కొట్టేశారో కూడా ఒక లైను రాయండి. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ముందు ఆ లైనే చదువుతారు.